గుడ్డ కప్పిన పిండి గిన్నెలు

ఎండిన కట్టెలు వెతకాలి. చర్చివాళ్ళ పెద్ద గుండిగలు తోమించి బడికి చేర్చాలి. బాలింతలు పడుకున్న తరగతి గదికి అడ్డంగా ఏదో ఒక గుడ్డ కట్టాలి. తాగే నీళ్ళలో మందు కలపాలి, ఎందుకంటే వానకు ముందే పేటలో కలరా ఉంది. దానంగా వచ్చిన చెప్పుల బస్తాలో జతలు కలపాలి. అమ్మానాన్నల జాడ తెలియని పిల్లల పేర్లు రేడియోవాళ్ళకు చెప్పాలి. ఎమెలెసి అత్తను కొండ మీది నుంచి కిందికి దించాలి.

తుఫాను తర్వాత మా ఉమోజీ సేవా క్లబ్బు ముందు పడ్డ పనులు ఇవి. ఉమోజీ అంటే ఐక్యత. పేరు పెద్దదే గాని మనుషులం కొద్దిమందిమి. ఆసుపత్రిలో కాన్పులు చేసి చేసి రిటైరైన ఎలూబి పిన్ని మాకు అధ్యక్షురాలు. దర్జీ గెలెసోము బాబాయి, బజారులో టమాటాలమ్మే ఫైనెస్ అక్క, ఇంకా అలాంటి వాళ్ళే కొందరు సభ్యులు. నేను కార్యదర్శిని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఉత్తరాలు, నివేదికలు నా వంతుకు వచ్చాయి. మామూలు రోజుల్లో మురుగుకాలవలు బాగుచేయిస్తాం, ఒంటరి ముసలివాళ్ళకు సబ్బులు పంచుతాం. ఇంత పెద్ద కష్టాన్ని మా చేతులతో పట్టుకోవలసి వస్తుందని ఎవరం అనుకోలేదు.

బ్లాంటైర్ నగరంలో కొండవాలున కట్టుకున్న పేట మాది. రాత్రంతా కురిసి కురిసి, తెల్లవారేసరికి కొండ ఒక పక్క ఊడిపోయింది. బురద, బండలు, చెట్లు అన్నీ కలిసి ఇళ్ళ మీదికి దిగాయి. దేశం దక్షిణాన ఇంకా ఎన్నెన్ని ఊళ్ళు అలా పోయాయో రేడియోలో చెబుతూనే ఉన్నారు. సంతాప దినాలు ప్రకటించారు. పోలీసు స్టేషను ముందు జెండాను సగానికి దించితే, అది తడిసి కర్రకు అంటుకుపోయి జెండాలాగే కనిపించలేదు. బతికినవాళ్ళంతా బడిలో తలదాచుకున్నారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు మా క్లబ్బు పసుపు చొక్కాలు ఇచ్చేశాం. దాంతో బడిలో ఎటు చూసినా మా సభ్యులే కనిపించేవారు.

"ఎన్నేళ్ళు తిరిగినా క్లబ్బులో చేరమంటే ఒక్కడూ చేరలేదు. ఇప్పుడు చూడు, పిల్లామేకా అంతా సభ్యులే" అన్నాడు గెలెసోము బాబాయి. ఆ మాటకు నవ్వాలో వద్దో తెలియక అందరం ఎలూబి పిన్ని మొహం వైపు చూశాం. ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాం.

పనులు ఒక్కొక్కటీ ఏదో ఒక తీరున అయ్యాయి. చివరిది మాత్రం కాలేదు.

ఎమెలెసి అత్త భర్త జైలోసి మావయ్య. ఆయన ఎవరో చెబితే గాని ఆమె కొండ మీద ఎందుకు కూర్చుందో అర్థం కాదు. మా దగ్గర గొయ్యి తవ్వేవాళ్ళను మనవలు అంటాం. తాతతో మనవడికి ఎంత చనువో, చావింట్లో వాళ్ళకు అంత చనువు. ఎంత ఏడుపులో ఉన్నా వాళ్ళు వేళాకోళమాడితే పడాలి. ముందు వాళ్ళకు వడ్డించాకే మిగతావాళ్ళకు. జైలోసి మావయ్య మా పేట మనవలకు పెద్ద. మా నాయనమ్మ గొయ్యి ఆయనే తవ్వాడు. తవ్వుతూ తవ్వుతూ, "ఈ ముసల్ది బతికుండగా నాకు ఒక్క చేప ముక్క ఎక్కువ వెయ్యలేదు, ఇప్పుడు మాత్రం మెత్తటి మన్ను కావాలంట" అని అరిచాడు. మా అమ్మ ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వేసింది. పేటలో ఆయన చెయ్యి పడని సమాధి లేదు.

కొండ ఊడిన ఆ తెల్లవారుజామున, కింది ఇంట్లోంచి కేకలు వినబడి ఆయన పార తీసుకుని పరుగెత్తాడు. ఇద్దరు పిల్లల్ని మట్టిలోంచి బతికుండగానే తవ్వి తీశాడు. మూడోసారి దిగాడు. అప్పుడు కొండ మళ్ళీ జారింది.

సైనికులు తవ్వారు, మనవలు తవ్వారు. ఆయన దొరకలేదు.

ఎమెలెసి అత్త ఇంట్లో ఒక్క వంటింటి గోడ మిగిలింది. దానికి రేకు ఆనించుకుని ఆమె ఆ కిందే కూర్చుంది. గోడకు పైన కొండలో చెయ్యి పట్టేంత బీట ఉందని, మళ్ళీ గట్టి వాన పడితే అదీ కిందికి వస్తుందని మునిసిపాలిటీ వాళ్ళు చూసి వెళ్ళారు. సైనికులు రమ్మన్నారు. ఫాదరు రమ్మన్నాడు. ఎలూబి పిన్ని రెండు పూటలా ఎక్కి బతిమాలింది. అందరికీ ఒకటే జవాబు.

"ఆయనకి తెలిసిన ఇల్లు ఇదొక్కటే. నేను దిగిపోతే ఎక్కడికని వస్తాడు?"

ఎవరు మాత్రం ఏమంటారు? మనిషి పోయాడని నోరు తెరిచి అనడానికి వీల్లేదు. శవం కనబడాలి. లేదా ఇంటి మేనమామ వచ్చి, "మన ఇంట్లో చావు జరిగింది" అని తన నోటితో చెప్పాలి. అప్పుడే ఏడుపు మొదలవుతుంది. అంతకుముందు ఏడిస్తే, బతికున్న మనిషిని కోరి చంపినట్టు. ఆమె మేనమామ చోలోలో ఉన్నాడు. చోలో దారిలో వంతెన కొట్టుకుపోయింది.

ఆమె తిండికి కూడా కిందికి రావడం లేదని తెలిసి మా క్లబ్బు ఒక నిర్ణయం తీసుకుంది. ఆమె రాకపోతే మనమే పిండి తీసుకెళ్దాం. బస్తా మోసుకెళ్దామంటే దారి లేదు, ఒక్క మనిషి పట్టేంత కాలిబాట మిగిలింది, అదీ జారుడు. అందుకని ఆడవాళ్ళం తలా ఒక గిన్నెలో మొక్కజొన్న పిండి పోసుకున్నాం. తుంపర పడుతోందని గిన్నెల మీద గుడ్డ కప్పుకున్నాం. మా పసుపు చొక్కాలు బడిలో వాళ్ళ ఒంటి మీద ఉన్నాయి గనక, ఇంట్లో ఉన్న చిటెంజె బట్ట నడుముకు చుట్టుకుని, తల తడవకుండా రుమాలు కట్టుకున్నాం. చర్చిలో విరిగిపోయిన బెంచీ చెక్కలు మోపు కట్టి గెలెసోము బాబాయి భుజానికెత్తుకున్నాడు. గిన్నెలు నెత్తిన పెట్టుకుని ఒకరి వెనక ఒకరం ఎక్కసాగాం. జారిపడతామన్న భయంతో ఎవరం మాట్లాడలేదు.

ఇంతమందిమి ఉన్నాం, అందరం ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళం. అయినా చూసేవాళ్ళకు మేం ఎలా కనిపిస్తామో ఒక్కరికీ తట్టలేదు. చేతులు వాటికి అలవాటైన పని అవి చేసుకుపోయాయి.

మలుపు తిరిగేసరికి ఆమె రేకు కింద నుంచి లేచి నిలబడి ఉంది. మమ్మల్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"ఎక్కడ దొరికాడు?" అంది.

అప్పుడు తెలిసింది మాకు. తలకు రుమాలు, నడుముకు చిటెంజె, గుడ్డ కప్పిన పిండి గిన్నె, వెనక కట్టెల మోపు, నోరెత్తని వరస. మా పేటలో ఆడవాళ్ళు అలా వెళ్ళేది ఒక్క చోటికే. చావింటికి.

ఎలూబి పిన్ని గిన్నె దించబోయి, దించకూడదని గుర్తొచ్చి మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. "లేదు ఎమెలెసీ, లేదు తల్లీ, దొరకలేదు. ఆ కబురేమీ లేదు. తింటావని తెచ్చాం, అంతే" అంది గబగబా.

ఆమె చేతులు తల మీది నుంచి మెల్లగా దించింది. తర్వాత కోపం వచ్చింది.

"మరి పిండి ఎవరు తెమ్మన్నారు? మా మేనమామ కబురు చేశాడా? నేను చేశానా? ఆయన శవాన్ని చూశారా మీరు? మీరంతా కూడి నా మొగుణ్ణి చంపి, ఆ పిండి నా ముందు పోస్తారా? ఎత్తుకెళ్ళండి. ఒక్క గింజ ఇక్కడ దించొద్దు."

"ఎలా ఎత్తుకెళ్ళేది అత్తా?" అన్నాను నేను.

నేనడిగింది చిన్నపిల్లల ప్రశ్నే. కాని మా అందరి మనసులో ఉన్నదీ అదే. చావింటికని బయల్దేరిన పిండిని వెనక్కి మోసుకెళ్ళకూడదు. మోసుకెళ్తే చావును మన ఇంటికి పిలిచినట్టని పెద్దలంటారు. ఇక్కడ దించితే జైలోసి మావయ్య పోయినట్టు, తీసుకెళ్తే మాలో ఎవరింట్లోనో ఎవరో పోయినట్టు. గిన్నెలు నెత్తిన పెట్టుకుని, తుంపరలో, ముందుకూ కాక వెనక్కూ కాక నిలబడిపోయాం.

ఫైనెస్ అక్కకు ఎప్పుడూ నోరాగదు. "నా మెడ విరిగిపోతోంది. ఏదో ఒకటి తేల్చండి, లేకపోతే నిజంగానే ఇక్కడో చావు జరుగుతుంది" అని గొణిగింది.

"నువ్వు నోరు ముయ్యవే" అంది ఎలూబి పిన్ని.

"మూసుకున్నాను గనకే కదా పిన్నీ ఇంతదూరం వచ్చి ఇలా నిలబడ్డాం. మామూలుగా వాగుతూ వచ్చుంటే చావింటి వాళ్ళమనుకునేదా?"

ఆ మాటకు గెలెసోము బాబాయి దగ్గాడు. ఆయన కూడా మనవల్లో ఒకడు. జైలోసి మావయ్యతో ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఎమెలెసి అత్తను వదినా అనే పిలుస్తాడు. మామూలుగా ఆయన నోరు తెరిస్తే వేళాకోళమే. ఆ వేళాకోళం కూడా చావింటి వేళాకోళమనుకుంటుందేమో అన్న భయంతో అంతవరకూ నోరు కట్టేసుకున్నాడు. కట్టెల మోపు అలాగే భుజాన ఉంచుకుని అన్నాడు.

"వదినా, తప్పయిపోయింది. మేం చావుకి రాలేదు. చుట్టపుచూపుకి వచ్చాం."

"చుట్టపుచూపుకి పిండి తెచ్చుకుంటారా ఎవరైనా?"

"సిగ్గులేని చుట్టాలం. ఏం చేస్తాం. నీ ఇంట్లో పిండి లేదని తెలిసి మా తిండి మేమే తెచ్చుకున్నాం. వండి పెడతావా, మా కడుపులు ఎండగట్టి పంపిస్తావా చెప్పు. ఎండగట్టడానికి కూడా ఎండ లేదు."

ఎమెలెసి అత్త మా మొహాలు ఒక్కొక్కటీ చూసింది. ఆ మాట ఆమెలో ఎక్కడికి దిగిందో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇంటి ఇల్లాలు గరిటె ముట్టదు, ఇరుగుపొరుగు వండి పెడతారు. ఇల్లాలే పొయ్యి వెలిగించి, తన చేత్తో వండి, వచ్చినవాళ్ళకు వడ్డిస్తే ఆ ఇంట్లో చావు లేదన్నమాట. పిండి అతిథుల పిండే.

"కట్టెలు దించు" అంది.

బాబాయి దించాడు.

ఎలూబి పిన్ని అలవాటు కొద్దీ పొయ్యి దగ్గరికి వంగింది. "నువ్వు కూర్చో, నేను..." అనబోతే ఎమెలెసి అత్త ఆవిడ చెయ్యి తోసేసింది. "నా ఇంట్లో నువ్వు వండుతావా? చుట్టానివి, చుట్టంలా కూర్చో."

సేవ చెయ్యడానికి వెళ్ళినవాళ్ళం బురదలో రాళ్ళు చూసుకుని వరసగా కూర్చున్నాం. చేతులు ఊరుకోవడం లేదు. ఎవరికి వాళ్ళకు లేచి ఏదో ఒకటి అందివ్వాలని ఉంది. ఎలూబి పిన్ని కళ్ళతోనే అదిమి పట్టింది. ఎమెలెసి అత్త మట్టిలోంచి తవ్వి తీసుకున్న కుండ ఒక్కటే ఉంది. దాన్ని వాననీళ్ళతో కడిగింది. మిగిలిన గోడ మీదికి గుమ్మడితీగ ఒకటి పాకి ఉంది. ఇల్లు పోయినా అది పోలేదు. లేత ఆకులు కోసి, ఈనెలు తీసి, చేత్తో నలిపింది. గాలి ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి. బెంచీ చెక్కలు అంటుకున్నాయి.

"ఇది ఏ బెంచీ?" అంది పొగలోంచి.

"ముందు వరసది. ఫాదరు ఎదురుగా ఉండేది" అన్నాడు బాబాయి.

"మా ఆయన ఎప్పుడూ దాని మీదే నిద్రపోయేవాడు."

"అవును, అందుకే ఇంత బాగా మండుతోంది. బాగా వెచ్చబడ్డ చెక్క."

ఆమె పెదవులు కదిలాయి. అది నవ్వో కాదో తెలియలేదు.

మొక్కజొన్న పిండి ఉడికించి చేసిన న్సీమా ముద్దలు అరటాకు ముక్కల మీద వేసింది. గుమ్మడాకు కూర ఉప్పు తక్కువైంది. ఉప్పు లేదు మరి. ఫైనెస్ అక్క మాత్రం రెండోసారి అడిగి వేయించుకుంది. ఎమెలెసి అత్త అందరికీ వడ్డించి నిలబడింది. "నువ్వు?" అని ఎవరూ అడగలేదు. అడిగితే ఎక్కడ మానేస్తుందో అని భయం. బాబాయే తన ముద్దలో సగం విరిచి పక్కన పెట్టి, "నాకు ఇంత పట్టదు వదినా. పారెయ్యడానికి మనసొప్పదు" అన్నాడు. ఆమె కూర్చుని తింది. ముందు నెమ్మదిగా, తర్వాత ఆకలిగా. మేం అటు చూడనట్టు కొండ వైపు చూస్తూ కూర్చున్నాం.

కొండ వైపు చూస్తుండగానే వాన చినుకు లావైంది. పైనుంచి గులకరాళ్ళు రెండు మూడు దొర్లి గోడకు తగిలి ఆగాయి. ఎలూబి పిన్ని నా వైపు చూసింది. నేను కొండ బీట వైపు చూశాను. ఆమెను మళ్ళీ బతిమాలాలా? బతిమాలితే మళ్ళీ అదే జవాబు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళే హక్కు మాకెక్కడిది?

"ఇక బయల్దేరతాం" అంది ఎలూబి పిన్ని. ఆవిడ గొంతు ఓడిపోయినవాళ్ళ గొంతులా ఉంది.

"సరే, పదండి" అంటూ ఎమెలెసి అత్త కూడా చెయ్యి కడుక్కుని, చిటెంజె బిగించుకుని మాతోపాటు నడక మొదలుపెట్టింది.

సాగనంపడానికి. ఇంటికొచ్చిన వాళ్ళను గడప దగ్గరే పంపించేసే అలవాటు మా దగ్గర లేదు. కొంతదూరం తోడు వెళ్ళాలి. ఎంతదూరమన్నది ఇంటివాళ్ళు చెప్పరు. వచ్చినవాళ్ళే ఒకచోట ఆగి, "ఇక చాలమ్మా, నువ్వు వెనక్కి వెళ్ళు" అనాలి. వాళ్ళు ఆ మాట అనకముందే ఇల్లాలు వెనుదిరిగితే చుట్టాన్ని తరిమినట్టు.

మొదటి మలుపు వచ్చింది. ఎవరైనా ఆ మాట అనే చోటు అది. ఎలూబి పిన్నికి పెద్దరికం వల్ల అలవాటు. ఆగింది. "ఇక చా..." అనబోయింది. గెలెసోము బాబాయి ఉన్నట్టుండి గట్టిగా దగ్గాడు. దగ్గి దగ్గి, "పదండి పదండి, దారిలో ఆగితే జారిపోతాం" అని పిన్నిని దాదాపు తోసినంత పని చేశాడు. పిన్ని ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, నోరు మూసుకుని నడిచింది.

మిగతావాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. ఒక్కరూ ఆ మాట అనలేదు.

కూలిపోయిన కల్వర్టు దాటాం. మామిడిచెట్టు పడిపోయిన చోటు దాటాం. ఎమెలెసి అత్త మా వెనకాలే వస్తోంది.

"మీలో ఒక్కరికీ మర్యాద తెలియదా?" అంది కాసేపటికి. "ఇంతదూరం నడిపిస్తారా నన్ను?"

"కాళ్ళు జారుతున్నాయి వదినా. నువ్వుంటే ధైర్యం. ఇంకొంచెం" అన్నాడు బాబాయి.

"ఆ డిగ్రీ పిల్లకైనా తెలియాలి కదా. ఏమే తియామికే, కాలేజీలో ఇది నేర్పలేదా?"

"నేర్పలేదత్తా" అన్నాను. నిజంగానే నేర్పలేదు.

"నాకు చెబుదామనే ఉంది" అంది ఫైనెస్ అక్క, "కాని నోరు ముయ్యమంది పిన్ని. పొద్దుటి నుంచి మూసుకునే ఉన్నాను."

కింద బడి రేకులు కనిపించే వంపు దగ్గర ఆమె ఆగిపోయింది. అక్కడి నుంచి వెనక్కి చూస్తే గోడ చివరిసారి కనిపిస్తుంది. ఆ తర్వాత కొండ అడ్డం వస్తుంది. ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. మేం కూడా ఆగాం. వాన అందరి మొహాల మీదుగా కారుతోంది.

"నాకు తెలుసు మీరేం చేస్తున్నారో" అంది మా వైపు తిరగకుండానే.

ఖాళీ గిన్నెలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాం.

"నేను దిగితే ఆయన ఎక్కడికి వస్తాడు?"

ఎలూబి పిన్ని దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఎంతోమందికి ఎన్నో కబుర్లు చెప్పిన మనిషి, మంచివీ చెడ్డవీ. అబద్ధం మాత్రం చెప్పదు. "వస్తాడో రాడో నాకు తెలియదు తల్లీ. వస్తే మాత్రం నువ్వు ఎక్కడున్నావో ఈ పేటలో కనిపించిన ప్రతి మనిషీ ఆయనకి చెప్పేలా చేస్తాం. అది మా పని. దానికి మాట ఇస్తున్నాను."

"ఎలా చెబుతారు? అందరికీ ఆయన తెలుసా? పరాయి ఊరివాళ్ళకి కనబడితే గుర్తుపడతారా?" వెనక్కి తిరిగింది. "ఏదీ, ఆయన ఎలా ఉంటాడో చెప్పండి చూద్దాం."

బాబాయి ముందు చెప్పాడు. "పొడుగు. కుడి భుజం కిందికి ఉంటుంది, పార మోసీ మోసీ."

"ఎడమ భుజం" అంది అత్త. "చూశారా!"

"ఆయన నాకెదురుగా నిలబడి తవ్వేవాడు వదినా, అందుకే నాకు కుడి అయింది. సరే, ఎడమ."

"ముందు పళ్ళ మధ్య సందు" అంది ఎలూబి పిన్ని. "ఈల వేస్తే అందులోంచే వస్తుంది."

"టమాటాలు నొక్కి నొక్కి చూసి కొనకుండా పోతాడు" అంది ఫైనెస్ అక్క. "నా దగ్గర ఇప్పటికి ఎన్ని పాడుచేశాడో. ఆ బొటనవేలికి గోరు లేదు. దూరం నుంచే గుర్తుపడతాను ఆ వేలిని."

ఈసారి ఎమెలెసి అత్త నవ్విందని అందరికీ తెలిసింది. నవ్వు మధ్యలోనే గొంతు మారింది. కాని ఏడవలేదు. తమాయించుకుంది. నా వైపు చూసింది. నా వంతు.

నాకు మా నాయనమ్మను పూడ్చిన రోజు గుర్తొచ్చింది. "పని అయ్యాక చేతులు కడుక్కుని, ఇంటివాళ్ళలో అందరికంటే చిన్నపిల్లని వెతికి, ఎత్తుకుని, వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి గాని తినడు" అన్నాను. "నన్నూ అలాగే కూర్చోబెట్టాడు."

ఆమె చాలాసేపు నన్నే చూసింది. "అవును" అంది.

తర్వాత గోడ వైపు మరోసారి చూసి, మా కంటే ముందు వంపు దాటింది. కిందికి. వెనక మేం. ఇప్పుడు ఎవరు ఎవరిని సాగనంపుతున్నారో తెలియలేదు. బడి గేటు దగ్గర పసుపు చొక్కాల పిల్లలు పరుగెత్తుకొచ్చి మా ఖాళీ గిన్నెలు లాక్కున్నారు.

ఎలూబి పిన్ని ఆమెను బడిలో ఉంచలేదు. తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆ రోజుల్లో క్లబ్బు చేసిన కార్యక్రమాల నివేదిక నేనే రాశాను. అందులో 'ప్రమాద స్థలం నుంచి ఒక మహిళను తరలించాం' అని ఒక వాక్యం ఉంది. నివేదికలు అలాగే రాయాలట. నిజానికి మేం తరలించలేదు. ఆమె మమ్మల్ని సాగనంపడానికి వచ్చింది. మేం మర్యాద తప్పాం, అంతే.

తర్వాతి వానకు కాలిబాట మొత్తం కొట్టుకుపోయింది. గోడ మాత్రం పడలేదు. ఇప్పటికీ బడి వెనక నుంచి చూస్తే గుమ్మడితీగతో సహా కనిపిస్తుంది. "చూశారా, మీ మునిసిపాలిటీవాళ్ళ మాట!" అని ఎమెలెసి అత్త ఎలూబి పిన్నిని దెప్పుతూనే ఉంటుంది. "దారి లేని ఇంట్లో కూర్చుని నువ్వేం తినేదానివే, గుమ్మడాకులా?" అని పిన్ని తిడుతుంది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటున్నారు. అందులో ఎవరు వండాలన్నదాని మీద రోజూ ఒక తగువు.

వంతెన వేశాక మేనమామ వచ్చాడు. ముసలివాడు. పిన్ని వాకిట్లో కూర్చుని చాలాసేపు నేల చూశాడు. ఆమె మొహం చూశాడు. ఆ మాట మాత్రం అనలేదు. "నేను చూడనిది నేను చెప్పలేను" అని లేచి వెళ్ళిపోయాడు. కాబట్టి మా పేట ఇంతవరకు జైలోసి మావయ్య కోసం ఏడవలేదు. ఎమెలెసి అత్త దగ్గరికి ఎవరూ గుడ్డ కప్పిన గిన్నెతో వెళ్ళరు. వెళ్తే అరటిపళ్ళు పట్టుకెళ్తారు, అవీ అందరికీ కనబడేలా చేతిలో వేలాడదీసుకుని, దారంతా గట్టిగా మాట్లాడుకుంటూ.

క్లబ్బు ఇచ్చిన మాట ఇంకా మిగిలే ఉంది. రేడియోలో చెప్పాం. ఆసుపత్రుల్లో చెప్పాం. మినీబస్సుల డ్రైవర్లకు చెప్పాం. ఇప్పుడు మీకు చెబుతున్నాను. పొడుగు మనిషి. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది. ముందు పళ్ళ మధ్య సందు, ఈల అందులోంచి వస్తుంది. ఒక బొటనవేలికి గోరు లేదు. చేతులు కడుక్కున్నాక దగ్గరలో ఉన్న చిన్నపిల్లల కోసం వెతుకుతాడు. కనిపిస్తే, ఎమెలెసి ఎలూబి ఇంట్లో ఉందని, చర్చి వెనక రెండో ఇల్లని చెప్పండి. కనిపించకపోతే, జైలోసి మావయ్యను ఊరికే గుర్తుంచుకోండి.